తెలిసినదంతా వాడెయ్యండి: వేషగాళ్లకు కొన్ని సలహాలు

మురుగమల్ల చుట్టుపక్కల పల్లెల్లో డబ్బు కట్టి వేషం తీసుకున్న నాటకాలవాళ్లకూ, శనివారం సాయంత్రం బెంగళూరు బస్సు దిగి మిద్దె మీద పాచికలాట పెట్టుకునే కుర్రవాళ్లకూ కలిపి ఈ సలహాలు. ఇద్దరి తెగులూ ఒకటే. వేషం కట్టినవాడికి కథంతా తెలుసు, వేషానికి మాత్రం తెలియదు. అందువల్ల తెలిసినవాడు తెల్లవార్లూ తెలియనట్టే నడుచుకోవాలట. ఈ ‘అట’ ఎవరు పెట్టారో గానీ, ఇంత దండగ నియమం ఇంకోటి లేదు. బడిలో తెలిసింది చెప్పకపోతే బెత్తం విరిగేది. ఇక్కడ తెలిసింది చెబితే గొడవ!

కుర్రవాళ్ల ఆట సంగతి పెద్దలకు రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరి పేర్లతో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట అచ్చయింది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. కథ నడిపేవాడు ఒకడుంటాడు, వాణ్ని డంజన్ మాస్టర్ అంటారు. మనకు హార్మోనియం మాస్టరు ఎంతో వాళ్లకు వాడంత. మిగిలినవాళ్లు తలా ఒక వేషం. రాసిపెట్టిన మాటలుండవు, పద్యాల ఊసే లేదు. ‘నేను తలుపు బద్దలు కొడుతున్నా’ అని నోటితో అనడం, బద్దలైందో లేదో ఇరవై ముఖాల పాచిక వేసి తేల్చుకోవడం. వేషానికి బలమెంత, బుద్ధి ఎంత అన్నది ఒక కాయితం మీద అంకెల్లో ఉంటుంది. పాత పద్ధతిలో మూడు మామూలు పాచికలు వేసి, 3 నుంచి 18 దాకా ఎంత పడితే అంత రాసుకునేవారు.

గొడవ అక్కడే మొదలు. పగలంతా కంప్యూటరు ముందు కూర్చుని కోడు రాసే పిల్లవాడికి బుద్ధి 6 ఉన్న ఆటవికుడి వేషం వస్తుంది. గుహ తలుపు మీద ఒక పొడుపు కథ చెక్కి ఉంటుంది. వాడు టీ గ్లాసు కింద పెట్టకుండానే విప్పేస్తాడు. వెంటనే బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ‘మెటాగేమింగ్! మెటాగేమింగ్!’ అని కేకలు. నీకు తెలిసింది నీ వేషానికి ఎలా తెలిసిందిరా అని దాని తాత్పర్యం.

అరవనివ్వండి. తలుపు తెరుచుకుందా లేదా? అదే అడగండి. బుద్ధి 6 అని కాయితం మీద ఉంది, మీ తల మీద లేదు. జీతమిచ్చే కంపెనీ వారమంతా మీ బుద్ధిని వాడుకుంటుంది, అది ఆదివారం ఒక్కరోజు మీకు పనికొస్తే తప్పా?

ఈ ఆటలో ట్రోల్ అని ఒక రాక్షసుడున్నాడు. ఎంత నరికినా వాడి గాయాలు మానిపోతుంటాయి. నిప్పో ఆసిడో తగిలితేనే మానవు. 1977లో వచ్చిన ‘మాన్‌స్టర్ మాన్యువల్’లోనే ఈ రహస్యం అచ్చయి ఉంది కాబట్టి ఆడేవాళ్లలో తెలియనివాడు లేడు. కానీ వేషం నిన్ననే పల్లె వదిలి కత్తి పట్టినవాడిది. వాడికి తెలియదు కనక, పాపం, ముందు రెండుమూడు సార్లు కత్తితో నరకాలి, గాయం మూసుకుంటుంటే నోరు తెరవాలి, వెనక్కి ఉరకాలి, ఆ తరవాతెప్పుడో చేతిలో కాగడా ఉన్న సంగతి గుర్తు రావాలి. ఇంత తతంగం దేనికి? ట్రోల్ అన్న మాట వినబడగానే అగ్గిపెట్టె తియ్యండి. డంజన్ మాస్టర్ అడిగితే మా తాత చెప్పాడనండి. వేషానికి తాత లేడని ఎక్కడా రాసి ఉండదు. పిల్లిలాంటి మాస్టరైతే అక్కడితో నోరు మూసుకుంటాడు. గట్టివాడైతే ఈసారి ట్రోల్ గాయాన్ని నిప్పుతోనే మానేటట్టు మార్చి పెడతాడు. అప్పుడు మీరు పుస్తకం తెచ్చి పేజీ చూపించి కొట్లాడండి. ఆట ఆగిపోయినా న్యాయం నిలబడుతుంది.

నాటకాలవాళ్లు నవ్వనక్కరలేదు. మన జరాసంధుడు ఎవరనుకున్నారు? అచ్చం ట్రోలే. రెండు ముక్కలుగా పుట్టి, జర అనే రాక్షసి చేతిలో అతుక్కున్నవాడు. భీముడు నిలువునా చీల్చి పారేస్తే ముక్కలు మళ్లీ కలుస్తాయి, వాడు తొడగొట్టి లేస్తాడు. భీముడు కృష్ణుడి వైపు బిక్కమొహం పెడితే, ఆయన ఒక గడ్డిపోచ తీసి, చీల్చి, అటుది ఇటు, ఇటుది అటు విసురుతాడు. అప్పుడు గానీ భీముడికి వెలగదు. ఇదీ మనవాళ్లు ఆడే తీరు. చూడండి, ఎంత సేపు వృథా! భీముడి వేషం కట్టినవాడు పుట్టినప్పటి నుంచీ ఈ కథ వింటున్నాడు. మొదటి చీల్పుకే ముక్కలు తారుమారు చేసి విసిరేస్తే సీను మూడు నిమిషాల్లో తేలిపోతుంది. కృష్ణుడు గడ్డిపోచ కోసం చాప కింద వెతుక్కోనక్కరలేదు.

హార్మోనియం మాస్టరు ఒక అభ్యంతరం చెబుతాడు. జరాసంధుడు రెండోసారి లేచినప్పుడే జనం ఈలలు వేస్తారని, ఆ ఈల పోతే మరుసటి ఏడు ఎవరూ చందా ఇవ్వరని. ఈల వేసేవాళ్లేమీ తెలియని అమాయకులు కారు. వాడు లేస్తాడనీ తెలుసు, తరవాత చస్తాడనీ తెలుసు, తెలిసే వేస్తున్నారు. అలాంటి జనాన్ని బాగుచెయ్యడం నా వల్ల కాదు. నేను వేషగాళ్లకు మాత్రమే సలహాలిస్తాను.

దూరం పోనక్కరలేదు. మురుగమల్ల ఉన్న చింతామణి తాలూకాలోనే కైవారం ఉంది. తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పిన యోగి నారేయణ తాతయ్య ఊరది. దాన్నే భారతంలోని ఏకచక్రపురమంటారు. భీముడు బకాసురుణ్ణి చంపింది అక్కడేనని స్థలపురాణం. భీమలింగేశ్వరుడి గుడి కూడా ఉంది. ఆ కథ ఆడేటప్పుడు తెలిసినదాన్ని దాచుకునే రోగం ముదిరి పాకాన పడుతుంది. ఇంటి యజమాని ఏడవాలి, భార్య నేను పోతానంటే నేను పోతాననాలి, కూతురు మధ్యలో దూరాలి. చిన్నపిల్లవాడొకడు పుల్ల పట్టుకుని దీంతోనే రాక్షసుణ్ణి చంపేస్తానంటాడు. పక్క వాకిట్లో భీముడు కూర్చునే ఉన్నాడు! ఊరందరికీ కనబడుతున్నాడు! కుంతి నోరు విప్పి నా కొడుకుని పంపిస్తానన్న తరవాత కూడా, ఆ కొడుకెవరో చెప్పకూడదు. మా వాడికేవో మంత్రాలొచ్చు, ఎవరితోనూ అనకండి అని బుకాయించాలి. ఆ మాట ధర్మరాజు చెవిన పడితే ఆయన తల్లి మీద విసుక్కోవాలి, తమ్ముడు ఏమైపోతాడోనని. భీముడు గెలుస్తాడని ధర్మరాజు వేషం కట్టినవాడికి తెలియదా? వాడి మనవడికి కూడా తెలుసు.

రిహార్సల్లో ఇంటి యజమాని వేషగాడు ఇలా అడగాలి, నేను నేర్పుతున్నాను:

‘మాస్టరూ, నేను ఏడ్చేది దేనికి? భీముడు మా ఇంట్లోనే ఉండాడు కదా.’

‘ఉండాడని నీకు తెలుసు నాయనా. బాపనయ్యకు తెల్దు.’

‘నేనే కదా బాపనయ్య?’

‘రాత్రి తొమ్మిదింటి నుంచి. ఇప్పుడు నువ్వు టమాటా మండీలో లెక్కలు రాసేవాడివి. సుమ్మనే ఏడువు.’

ఇలాంటి జవాబులతోనే కళ పాడైపోయింది. మండీలో లెక్క రాసేవాడు లాభం వస్తుందని తెలిసిన సరుకు మీద ఏడుస్తాడా? బండి మీద అన్నం ఎక్కించి, భీముణ్ణి తోలి, కాళ్లు చాపుకుని పడుకుంటాడు. యజమాని వేషం అలాగే కట్టాలి. వీలైతే ఆవలిస్తూ.

ఇక కురుక్షేత్రం. రాత్రి పదింటికి తెర లేస్తే తెల్లారి పాలవాడు వచ్చేదాకా నడిచే ఈ నాటకంలో నా పద్ధతి పెడితే ఎంత సమయం మిగులుతుందో వరసగా చెబుతాను. మయసభలో దుర్యోధనుడు నీళ్లనుకుని పంచె ఎత్తుకోవడం, నేలనుకుని మడుగులో పడడం మానెయ్యాలి. అది బల్లచెక్కల స్టేజీ, మధ్యాహ్నం తనే మేకులు కొట్టాడు, తిన్నగా నడిచి పోవచ్చు. ద్రౌపది నవ్వదు, పగ పుట్టదు. ధృతరాష్ట్రుడు కళ్లు తెరవాలి, మైకు వైరు కాలికి చుట్టుకోకుండా ఉంటుంది. అభిమన్యుడి విషయంలో నాకు మరీ కోపం. పద్మవ్యూహంలోకి పోవడం తెలుసు, బయటికి రావడం తెలియదని ఏడుపు. నెల రోజులు రిహార్సలు చేసినవాడికి దారి తెలియదా? ఎడమవైపు తెర పక్కన మెట్లున్నాయి. దిగితే మేకప్ గది, అక్కడ టీ కూడా ఉంటుంది.

పడక సీను దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే తిరుపతి వెంకటకవుల నాటకాల్లో జనం నిద్ర ఆపుకుని కూర్చునేది దీనికీ రాయబారానికే. కృష్ణుడు పడుకుని ఉంటాడు. ముందొచ్చిన దుర్యోధనుడు తల దగ్గర, వెనకొచ్చిన అర్జునుడు కాళ్ల దగ్గర. లేవగానే కృష్ణుడి కళ్లు ఎటు పడతాయో దుర్యోధనుడికి తెలియదని నాటకం. బాబూ, ఈ సీను మీరు చిన్నప్పుడు మీ నాన్న భుజాల మీద కూర్చుని చూశారు. నేరుగా కాళ్ల దగ్గరికి నడవండి. అర్జునుడు వస్తే లేవకండి. సైన్యం కావాలా, ఆయుధం పట్టని నేను కావాలా అని కృష్ణుడు అడగ్గానే ‘నువ్వే’ అనండి. అర్జునుడు అడ్డం చెబితే? అక్కడ ఎవరి నోరు పెద్దదైతే వాడిదే గెలుపు. మైకు ఎవరి దగ్గర ఉందో ముందే చూసుకోండి.

కృష్ణుడి సంగతి వేరు. ఆంధ్ర వైపు పెద్ద నాటకాల్లో ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులుంటారు. పడక సీనుకు ఒకరు, రాయబారానికి ఒకరు, యుద్ధానికి ఇంకొకరు. వేషం ఒకటే, వేసేవాళ్లు ముగ్గురు. పాచికలాటవాళ్ల లెక్కన చూస్తే ఇది మహా చిక్కు. మొదటి కృష్ణుడు అర్జునుడికిచ్చిన మాట మూడో కృష్ణుడికి ఎలా తెలుస్తుంది? అప్పుడతను మేకప్ గదిలో కిరీటం బిగించుకుంటున్నాడు. నిజాయితీగల మూడో కృష్ణుడు స్టేజీ ఎక్కగానే ‘ఇంతకుముందు ఏం జరిగింది? ఆయుధం పట్టొద్దన్నదెవరు?’ అని అడిగి తెలుసుకోవాలి. ఎవరూ అడగరు. ఈ ముగ్గురూ ఒక్కడే అని వేలమంది ఒప్పేసుకుని కూర్చుంటారు, రెండో ఆయన మొదటాయన కంటే జానెడు పొట్టి అయినా సరే.

దీనికి తిరగేసిన కేసు 1977లో వచ్చింది. ‘దానవీరశూరకర్ణ’లో ఎన్టీ రామారావు కృష్ణుడూ తనే, దుర్యోధనుడూ తనే, కర్ణుడూ తనే. దర్శకుడు కూడా తనే. కృష్ణుడి ఎత్తు తెలిసిన తల, దుర్యోధనుడి కిరీటం కింద కూడా అదే తల. ఇంత అవకాశం ఏ వేషగాడికీ రాలేదు, రాదు. కృష్ణుడిగా పన్నిన పన్నాగాన్ని మధ్యాహ్నం దుర్యోధనుడికి చెప్పేస్తే సరిపోయేది. ఆయన చెప్పలేదు. పైగా దుర్యోధనుణ్ణి ఛాతీ విరుచుకుని తిరగనిచ్చాడు, తొడ విరుగుతుందని తెలిసీ. జనం ఆ దుర్యోధనుడి డైలాగులు ఇప్పటికీ పెళ్లిళ్లలో చెబుతుంటారు. అవకాశాన్ని వాడుకోలేకపోయినవాడికి ఇంత పేరు రావడం మన దేశంలోనే సాధ్యం.

‘మాయాబజార్’ (1957) చూసి కొందరు నాతో వాదిస్తారు. సావిత్రి శశిరేఖ, ఆ శశిరేఖ లోపల ఘటోత్కచుడు. లక్ష్మణకుమారుడి ముందు పెళ్లికూతురు, వెనక్కి తిరిగితే రాక్షసుడు. ఎవరికి ఎంత తెలియాలో కొలిచి పోసింది కదా అంటారు. నాకు కనిపించింది మాత్రం ఆ రాక్షసపు నడక బయటికి పొంగిన చోట్లు. జనం నవ్విందీ అక్కడే. కాబట్టి నా సలహా, ఎప్పుడూ పొంగిస్తూనే ఉండండి. ఎప్పుడు పొంగాలి, ఎంత పొంగాలి అని ఆలోచిస్తే అది సావిత్రికే చెల్లింది, మనకు అంత ఓపిక ఎక్కడిది? అదే సినిమాలో సత్యపీఠం అని ఒక పలక ఉంది, ఎక్కినవాడు నిజమే కక్కుతాడు. శకుని చేత కూడా కక్కించింది. ప్రతి రిహార్సల్ గదిలోనూ ఒకటి వేయించుకోవాలని నా కోరిక. పాచికలాట పిల్లలు కుర్చీల కింద పెట్టుకోవచ్చు.

చీటీల సంగతి కూడా చెప్పాలి. పాచికలాటలో డంజన్ మాస్టర్ ఒక్కోసారి ఒక్కడికే చీటీ రాసి ఇస్తాడు. ‘రాజుగారి తమ్ముడివి నువ్వే, ఇంకెవరికీ తెలియదు’ అని. పక్కనున్నవాళ్లు చూడకూడదు, చూసినా చూడనట్టుండాలి. ఈ చీటీ పద్ధతి వ్యాసుడి నాటిదే. ఉద్యోగపర్వంలో రాయబారం ముగిశాక కృష్ణుడు కర్ణుణ్ణి రథం మీద ఎక్కించుకుని పోయి, నువ్వు కుంతి పెద్దకొడుకువని చెవిలో వేస్తాడు. చీటీ అందింది. అందినవాడు ఏం చెయ్యాలి? ఊరంతా చాటాలి. కర్ణుడు ఏం చేశాడు? ఈ మాట ధర్మరాజుకు చెప్పొద్దని కృష్ణుణ్ణే బతిమాలాడు. తెలిస్తే ఆయన రాజ్యం నాకిచ్చేస్తాడు, నాకిస్తే నేను దుర్యోధనుడికిచ్చేస్తాను, అందుకని అక్కడే ఉండనీ అన్నాడు. తనకు తెలిసినది పక్కవేషానికి తెలియకూడదని వేషమే కాపలా కాసింది! కర్ణుడి వేషం తీసుకున్నవారు ఈ దోషం సరిదిద్దుకోవాలి. కుంతి గంగ ఒడ్డుకు రాగానే, ఆమె నోరు తెరవకముందే ‘రామ్మా, ఆలస్యమైందేం? మిగతా ఐదుగురూ బాగున్నారా?’ అనేయాలి. కుంతికి ఏడవడానికి చోటుండదు. చివర్లో చీర చెంగుతో కళ్లు తుడుచుకునే ముందువరస ఆడవాళ్లకు కూడా పనుండదు, తొందరగా ఇళ్లకు పోయి సంగటి గెలుక్కోవచ్చు.

ఇవన్నీ ఒకే రాత్రి అమలు చేసినప్పుడు ఒక చిన్న ఇబ్బంది వస్తుంది. ధర్మరాజు జూదానికే కూర్చోడు. పాచికలు శకునివని వాడికీ తెలుసు మరి. పదింటికి తెర లేచి, పది దాటి అయిదు నిమిషాలకు ‘నాకొద్దు మామా, నువ్వాడుకో’ అని నమస్కారం పెట్టి లేస్తాడు. వనవాసం లేదు, అజ్ఞాతవాసం లేదు, బృహన్నల లేడు. కీచకుడి వేషానికి డబ్బు కట్టినవాడు మేకప్ వేసుకుని చీకట్లో నిలబడి ఉంటాడు. వాడికి డబ్బు వెనక్కివ్వాలా అన్నది పంచాయితీలో తేల్చుకోండి. సీరియల్ లైట్ల వాడికి, సౌండ్ సెట్టు వాడికి రాత్రంతటి బాడుగ ఇచ్చెయ్యాల్సిందే, వాళ్లు నాటకం ఎప్పుడు ముగిసిందని అడగరు. పాచికలాట పిల్లలకు ఈ నష్టం లేదు. వాళ్లు కథ అయిదు నిమిషాల్లో ముగించి ఫోన్లు చూసుకుంటారు.

కొందరు ముసలివాళ్లు మాత్రం చాపలు చుట్టుకోకుండా కూర్చునే ఉంటారు. వాళ్లకు భారతం అక్షరం పొల్లు పోకుండా వచ్చు. మాటలు మరిచిపోయిన వేషగాడికి కింది నుంచి అందిస్తారు. అయినా ఏటేటా అభిమన్యుడు పడిపోగానే సైంధవుణ్ణి తిట్టిపోస్తారు, ఈసారి ఏమన్నా బయటపడతాడేమో అన్నట్టు. ఇలాంటివాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టొద్దు. వేషగాళ్లు వాళ్ల మొహాలు చూసి పాత పద్ధతికి జారిపోతారు.

చివరగా సహదేవుడి వేషం గురించి అడిగారు. కట్టాల్సింది తక్కువ, పద్యాలు తక్కువ, కృష్ణుడితో పోలిస్తే నగల బరువు కూడా తక్కువ. కానీ తీసుకోవద్దనే చెబుతాను. జరగబోయేదంతా ఆయనకు తెలుసనీ, అడగనిదే చెబితే తల పగిలిపోతుందని శాపముందనీ జనం చెప్పుకునే కథ. జూదం ముందు ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. అన్నీ తెలిసి, రాత్రంతా అన్నల వెనక నాలుగో వాడిగా, ఐదో వాడిగా నిలబడి, ఏమీ తెలియనట్టు ప్రతి దెబ్బకూ మొహం మార్చాలి. నా సలహాలన్నీ చదివినవాడు అక్కడ ఒక్క గంట కూడా నిలబడలేడు. ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే, మాస్టరు దగ్గరికి పోయి శకునికి మార్చమనండి. పైన ఎంతో కొంత అడుగుతాడు. బేరమాడండి. పాచికలు మీ చేతికొస్తాయి.